తక్కువ బడ్జెట్‌లో నిజంగా పనిచేసే ఆసియా ఖడ్గాలు: ఏది కొనాలి, ఏం చూడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: పురాతన ఖడ్గాలు కొనే స్తోమత లేదు, గోడకు తగిలించే బొమ్మ కత్తులు అక్కర్లేదు. కటానా (జపాన్ వంపు ఖడ్గం), జియన్ (చైనా నిటారు రెండంచుల ఖడ్గం), తల్వార్ లాంటివాటికి అచ్చం అసలువాటిలా చేతిలో కుదిరే, కోతకు తట్టుకునే నకళ్లు ఒక్కొక్కటిగా పోగు చేసుకోవాలని ఉంది. ఏ ఉక్కు మంచిది, 'డమాస్కస్' అంటే ఎక్కువ డబ్బు పెట్టొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మొదట ఒక్క కటానా కొనండి. 1060 లేదా 9260 ఉక్కుతో చేసినది, అలుగు (పిడి కాకుండా మిగిలిన కత్తి) అంతటా ఒకే గట్టిదనం ఉన్నది, అలంకారాలేమీ లేని సాదా కత్తి. ఆ తర్వాత కొనే ప్రతి కత్తికీ ఒకటే సూత్రం: డబ్బు కంటికి కనిపించని చోట పెట్టండి. పిడి లోపలికి దిగే అలుగు తోక (టాంగ్), ఉక్కును కాల్చి చల్లార్చే హీట్ ట్రీట్‌మెంట్, పిడి బిగింపు, అలుగు పొడవునా బరువు సర్దిన తీరు. ఈ నాలుగూ ఫొటోలో కనిపించవు. మెరుపు, నగిషీ, మడతల ఉక్కు మీద అలల్లాంటి గీతలు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తాయి. అందుకే చవక కత్తుల తయారీలో ఖర్చంతా వాటి మీదికే పోతుంది. 'యుద్ధానికి సిద్ధం' అని రాసి అమ్ముతుంటారు కదా, ఆ మాటకు ఏ ప్రమాణమూ లేదు. ఎవరైనా రాసుకోవచ్చు.

ఇక కారణాలు.

ఉక్కు పేరు కన్నా దాన్ని కాల్చి చల్లార్చిన తీరు ముఖ్యం. 1045, 1060, 1095 లాంటి అంకెల్లో చివరి రెండూ కర్బనం పాలు చెబుతాయి. 1060లో సుమారు 0.60 శాతం, 1095లో సుమారు 0.95 శాతం. కర్బనం పెరిగేకొద్దీ అంచును ఇంకా గట్టిగా చేయొచ్చు, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. దాంతోపాటే, దెబ్బ వంకరగా తగిలితే అంచు పెచ్చు ఊడే ప్రమాదమూ పెరుగుతుంది. టీ10 అనేది 1 శాతం దగ్గర కర్బనం ఉన్న టూల్ స్టీలు. 9260లో సుమారు 2 శాతం సిలికాన్, 5160లో కొద్దిగా క్రోమియం ఉంటాయి; ఈ రెండూ స్ప్రింగ్ స్టీలు రకాలు. సరిగ్గా కాలిస్తే వంచి వదిలినా మళ్లీ నిటారుగా వచ్చేస్తాయి. కానీ హీట్ ట్రీట్‌మెంట్ చెడితే టీ10 అయినా పెళుసు ముక్కే. చక్కగా చేసిన 1060 మీ చేతిలో ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది.

హీట్ ట్రీట్‌మెంట్ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, అలుగు మొత్తాన్ని ఒకే గట్టిదనానికి తెచ్చి, తర్వాత తక్కువ వేడి మీద పెళుసుదనం తగ్గించడం. ఇలాంటివి గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 50 నుంచి 55 మధ్య ఉంటాయి. రెండోది జపాన్ పద్ధతి: వెన్ను మీద మందంగా, అంచు మీద పల్చగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. పల్చటి మట్టి ఉన్న అంచు చప్పున చల్లారి గట్టిపడుతుంది. వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. గట్టిపడిన అంచు కొద్దిగా వ్యాకోచించడం వల్లనే కటానాకు ఆ వంపు ఏర్పడుతుంది. అంచు 58-60, వెన్ను 40 దగ్గర ఉంటాయి. ఆ రెండింటి సరిహద్దులో పొగమంచులా కనిపించే గీతను హామోన్ అంటారు.

హామోన్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ పద్ధతిలో చేసిన కత్తి వంకర దెబ్బ తగిలితే వంగి, వంగినట్టే ఉండిపోతుంది. కోత నేర్చుకునే రోజుల్లో వంకర దెబ్బలు తప్పవు. మొదటి కత్తి ఒకే గట్టిదనం ఉన్నదై ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ఇంకో సంగతి: చవక కత్తుల మీద హామోన్ చాలాసార్లు యాసిడ్‌తోనో, వైరు బ్రష్షుతో రుద్దో తెప్పించినదే. దీపం ఎదురుగా అలుగును కొంచెం కొంచెంగా వాల్చి చూడండి. అసలు హామోన్‌లో గీత లోపల సన్నటి మెరిసే చుక్కలు, అక్కడక్కడా దారాల్లాంటి తెల్లటి పోగులు కనిపించి మాయమవుతుంటాయి. నకిలీది ఏ కోణంలో చూసినా ఒకే తెలుపు.

స్టెయిన్‌లెస్ గురించి ఒక్క మాట: చిన్న చాకుకు భేషైనది, పొడుగు ఖడ్గానికి వద్దు. చవక కత్తుల్లో వాడే 420, 440 రకాలు అంత పొడుగు అలుగులో ఊపుకీ తాకిడికీ విరిగే స్వభావం ఉన్నవి. అలమరాలో ఉంచుకోండి, ఊపకండి.

'డమాస్కస్'కు, 'మడతల ఉక్కు'కు ఎక్కువ డబ్బు పెట్టకండి. జపాన్ కమ్మరులు ఉక్కును మడిచి మడిచి కొట్టింది అందం కోసం మొదలైన పని కాదు. ఇసుక ఇనుము నుంచి తీసిన తమహగానే అనే ఉక్కులో కర్బనం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువగా ఉంటుంది. అంతటా సమంగా పరచడానికీ, మలినాలు వెళ్లగొట్టడానికీ అలా మడిచేవారు. 10 మడతలకు 1024 పొరలు. ఇవాళ మిల్లు నుంచి వచ్చే ఉక్కు ముందే సమంగా ఉంటుంది. దాన్ని మడిస్తే బలం పెరగదు. పైగా ప్రతి పొర అతుకూ ఒక కొత్త బలహీనత కావచ్చు.

డమాస్కస్ సంగతి ఇంకా వేరు. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కులను పొరలుగా అతికించి, యాసిడ్‌తో గీతలు తేల్చినది. చరిత్రలో పేరుపొందిన డమాస్కస్ ఖడ్గాలకు ముడిసరుకు మూసలో కరిగించిన ఉక్కు. దాంట్లో కర్బనం సుమారు 1.5 శాతం, గీతలు ఉక్కు లోపలి కార్బైడ్ల (ఇనుము, కర్బనం కలిసిన గట్టి రేణువుల) వరసల వల్ల వాటంతట అవే తేలేవి. ఆ ఉక్కు దక్షిణ భారతంలో తయారయ్యేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పర్షియా వర్తకులు మకాం వేసి మరీ కొనుక్కుపోయేవారు. అంత చరిత్ర ఉన్న పేరు కాబట్టే ఇవాళ దాంతో బేరాలు బాగా సాగుతున్నాయి. మీకు ఆ గీతలు చూడ్డానికి నచ్చితే కొనుక్కోండి, బలం కోసం మాత్రం కొనకండి.

టాంగ్, బిగింపు. కటానాతో మొదలుపెట్టమన్నది ముఖ్యంగా దీనికోసమే. చవకలో దొరికే ఖడ్గాల్లో దాన్ని పూర్తిగా విప్పి లోపల చూడటం చాలా తేలిక. పిడిలో మెకుగి అనే చిన్న వెదురు మేకు ఉంటుంది. చిన్న ఇత్తడి సుత్తితో సన్నగా ఉన్న వైపు నుంచి తడితే బయటికొస్తుంది. పిడి చివర ఎడమ చేత్తో పట్టుకుని, మొన పైకి ఉండేలా కొంచెం వాల్చి, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో తట్టాలి. అలుగు మెల్లగా లేస్తుంది. ఒర మూతిలో బిగువుగా కూర్చునే ఇత్తడి పట్టీ హబాకి, చెయ్యి జారకుండా అడ్డుపడే త్సుబా, దాని కిందా మీదా పల్చటి రేకులు ఒక్కొక్కటిగా ఊడి వస్తాయి. చివరికి నున్నటి టాంగ్ మిగులుతుంది. అది పిడిలో కనీసం మూడింట రెండొంతుల పొడవు ఉండాలి, వెడల్పు అలుగు దగ్గర ఎంత ఉందో అక్కడి నుంచి క్రమంగా తగ్గుతూ రావాలి.

పిడి కదులుతోందని తోటి సాధకులు నా దగ్గరికి కత్తులు తెస్తుంటారు. విప్పి చూస్తే తరచూ కనిపించేది ఒకటే: చెక్కలో టాంగ్ కోసం తవ్విన గాడి అవసరానికి మించి వెడల్పు, ఆ ఖాళీలో కుక్కిన కాగితం ముక్కలు, జిగురు ముద్దలు. ఇది నయమయ్యే జబ్బే. ఆ చెత్త తీసేసి, గాడి గోడలకు సన్నటి చెక్క పేళ్లు అంటించి, టాంగ్ బిగువుగా దిగేదాకా అరగదీసి, బాగా ఎండిన ముదురు వెదురుతో కొత్త మేకు చెక్కితే ఫ్యాక్టరీలో వచ్చినదాని కన్నా గట్టిగా కూర్చుంటుంది. టాంగ్ బదులు మరచుట్ల కడ్డీ వెల్డింగ్ చేసి ఉంటే మాత్రం ఇక చేసేదేమీ లేదు. అలాంటి కత్తి ఊపితే అలుగు పిడి వదిలి ఎగిరిపోతుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి.

చైనా కత్తుల్లో టాంగ్ పిడి చివరిదాకా వచ్చి, అక్కడ బొడిపె మీద రివెట్‌లా సాగగొట్టి ఉంటుంది. విప్పి చూడలేం. పిడి గట్టిగా పట్టుకుని అలుగు పక్క భాగాన్ని అరచేత్తో కొట్టండి. శుభ్రంగా మోగితే సరే. పిడిలో జివ్వుమని చప్పుడు వస్తే లోపల ఏదో వదులుగా ఉన్నట్టే.

బరువు సర్దిన తీరు. కొత్తవాళ్లు ఎవ్వరూ అడగరు, నేను మాత్రం ముందు ఇదే చూస్తాను. పాత ఖడ్గాల్లో అలుగు మందం పిడి దగ్గర ఎక్కువ, మొన వైపు వెళ్లేకొద్దీ తక్కువ. చైనాను చివరగా ఏలిన చింగ్ వంశ కాలపు సైనిక కత్తుల్లో పిడి దగ్గర 7 మిల్లీమీటర్లు ఉన్నది మొన దగ్గరికొచ్చేసరికి 2-3కి దిగడం మామూలు. చవక నకళ్లను 5 మిల్లీమీటర్ల పట్టీ నుంచి కోసి, అంచులు అరగదీసి పిడి తగిలిస్తారు. మొదలు ఎంతో మొనా అంతే. తూకం వేస్తే అసలుదానికీ నకలుకూ ఒకే బరువు రావచ్చు. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది తేడా: నకలు మొన కిందికి లాగుతుంది, ఊపి ఆపబోతే మణికట్టు నొప్పెడుతుంది. అసలుది మీరు ఆపిన చోట ఆగుతుంది.

ఒక సాధన బృందంలో ఇద్దరు మిత్రుల దగ్గర విల్లో ఆకు ఆకారపు లియుయెదావ్‌లు (దావ్ అంటే చైనా ఒంటి అంచు కత్తి) చూశాను. పొడవూ బరువూ దాదాపు ఒకటే. ఒకటి నగిషీల ఇత్తడి పిడితో నిగనిగలాడుతోంది, రెండోది ఉత్త ఇనుప సామానుతో సాదాగా ఉంది. క్యాలిపర్ పెడితే మొదటిది మొదలు నుంచి మొన దాకా కదలకుండా 5 మిల్లీమీటర్లు. రెండోది 6.5 నుంచి 2.5కి దిగింది. కాసేపు ఇద్దరూ మార్చుకుని ఊపాక, నగిషీల కత్తి మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. రెండో కత్తి చేసినవాళ్లు పాత ఖడ్గాన్ని కొలిచి చూశారు, మొదటిదాని తయారీదారులు బొమ్మ చూసి చేశారు. నేను డబ్బు ఇచ్చేది ఆ కొలతకే.

గుర్తుంచుకోదగ్గ కొలతలు కొన్ని. కటానా అలుగు పొడవు సుమారు 70 సెంటీమీటర్లు, ఒర లేకుండా బరువు 1 నుంచి 1.3 కిలోలు, బరువు కుదిరే బిందువు (కత్తి వేలి మీద వాలకుండా నిలిచే చోటు) త్సుబా నుంచి 12-15 సెంటీమీటర్ల దూరంలో. జియన్ ఒంటిచేతి ఖడ్గం, 700 గ్రాముల నుంచి కిలో దాకా. వుషు అనే చైనా యుద్ధకళ ప్రదర్శనల్లో గలగలలాడే రేకు కత్తులు ఈ లెక్కలోకి రావు, అవి విన్యాసాల కోసం చేసినవి. అలాగే మొన దగ్గర వెడల్పుగా ఉండే 'ఎద్దు తోక' దావ్‌ను సినిమాల్లో చింగ్‌కు ముందటి మింగ్ కాలం సైనికుల చేతిలోనూ పెడతారు. నిజానికి అది చింగ్ కాలం చివర్లో పౌరులు వాడిన రకం. తెలిసి కొనుక్కుంటే ఇబ్బంది లేదు.

ఇప్పుడు ప్రాంతాలవారీగా.

చవక కటానాల్లో, జియన్‌లలో చాలా భాగం చైనా జెజియాంగ్ రాష్ట్రంలోని లోంగ్‌చ్వాన్ నుంచి వస్తాయి. కత్తుల తయారీకి తరతరాలుగా పేరున్న ఊరు. ఎన్నో చిన్న వర్క్‌షాపులు ఉంటాయి కాబట్టి ఒకే పేరుతో అమ్మే రెండు కత్తులు వేర్వేరు చేతుల్లో తయారై ఉండొచ్చు. దాలియాన్‌లో మొదలైన హాన్‌వేయ్ లాంటి పాత ఫ్యాక్టరీల సరుకు కాస్త నిలకడగా ఉంటుంది. చైనా ఖడ్గాల్లో మ్యూజియం వస్తువుల కొలతలు తీసుకుని చేసే ఎల్‌కే చెన్ లాంటి తయారీదారులు ఇటీవల వచ్చారు. జియన్ కొనేటప్పుడు అలాంటి చోటే వెతకండి. జపాన్‌లో చేసిన అసలు కటానా మీ బడ్జెట్‌లో దొరకదు. అక్కడ లైసెన్సు ఉన్న కమ్మరి నెలకు రెండు పొడుగు ఖడ్గాలకు మించి చేయకూడదన్న నియమం ఉంది.

తల్వార్ దగ్గర కొంచెం ఆగాలి. డెహ్రాడూన్‌లో కత్తుల తయారీ పెద్ద పరిశ్రమే, 1943లో మొదలైన విండ్‌లాస్ సంస్థ అక్కడిదే. అయినా మంచి తల్వార్ నకలు దొరకడం కటానా అంత సులువు కాదు. ఇబ్బందంతా పిడిలో ఉంది. పాత తల్వార్ పిడిలో చెయ్యి పట్టే జాగా చాలా తక్కువ, 7-8 సెంటీమీటర్లు ఉంటే ఎక్కువ. పిడి చివరి గుండ్రటి పళ్లెం మణికట్టును అదుపులో పెడుతుంది. గొడ్డలిలా నరకనివ్వదు, భుజం నుంచి లాగి కోసేలా చేస్తుంది. ఆ కత్తిని వాడే పద్ధతంతా ఆ పళ్లెంలోనే ఉంది. నకళ్లలో ఈ కాలపు అరచేతులకు సరిపోవాలని పిడి పెంచేస్తారు, పళ్లెం తగ్గించేస్తారు. రూపం అదే, పని మారిపోతుంది. పిడి లోపలి కొలత అడగకుండా తల్వార్ కొనకండి. పాతవాటిలో టాంగ్‌ను లక్కలాంటి జిగురు పోసి బిగించేవారు; నకళ్లలో ఎపాక్సీ వాడితే తప్పేం లేదు, నిజానికి నయం.

చాలామంది పట్టించుకోని దారి ఇంకొకటి ఉంది. కత్తి ఇప్పటికీ పనిముట్టుగా బతికున్న చోట చవకలో నిజాయితీ దొరుకుతుంది. థాయ్‌లాండ్‌లో అయుత్థయ దగ్గరి అరన్యిక్ గ్రామం తరాలుగా కత్తులకు ప్రసిద్ధి. అక్కడి దాబ్ అనే ఖడ్గం సాదాగా ఉంటుంది, కానీ పని చేస్తుంది. నేపాల్ ఖుక్రీలు లారీ కమాను పట్టీల ఉక్కుతో చేస్తారు, ఖడ్గం కాకపోయినా సేకరణలో చోటు దక్కాల్సినవి. ఫిలిప్పీన్స్, మలేసియా పొడుగు కత్తులదీ ఇదే వరస. పొలంలో, అడవిలో వాడే మనిషికి చెత్త కత్తి అమ్మితే మర్నాడే తిరిగొస్తుంది కాబట్టి చేసేవాడు జాగ్రత్తగా చేస్తాడు. పాలిష్ అంతంతమాత్రం, దాని గురించి బెంగ వద్దు.

ఇండోనేసియా క్రిస్‌ను మాత్రం ఈ లెక్కన కొనొద్దు. అది పొడిచే బాకు, దానికో పవిత్రత ఉంది, యునెస్కో 2005లో గుర్తించిన కళ. పిడి గుడ్డ చుట్టు బిగువు మీదే నిలుస్తుంది. కోత పరీక్షలకు పెట్టేది కాదు. 'నింజా కత్తి' అని అమ్మే నిటారు కత్తికి పాత కాలపు నమూనా ఒక్కటీ లేదు, సంప్రదాయ ఖడ్గాల సేకరణ అనుకుంటే దాన్ని వదిలేయండి.

కొనేముందు చట్టం చూసుకోండి. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. బ్రిటన్‌లో 2008 నుంచి 50 సెంటీమీటర్లు, అంతకు మించి పొడవున్న వంపు ఖడ్గాల అమ్మకం, దిగుమతి నిషేధం, సంప్రదాయ పద్ధతిలో చేతితో చేసినవాటికి మినహాయింపు ఉంది. జపాన్‌లో 1958 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ఉక్కు కత్తి ఉంచుకోవడమే నేరం, చైనా కటానాకు అక్కడ రిజిస్ట్రేషన్ రాదు. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం కింద ఖడ్గం ఆయుధమే. అమ్మేవాడు 'ఏం ఫర్వాలేదు' అంటే నమ్మకండి. ఆర్డర్ పెట్టకముందే మీ ప్రాంతపు నిబంధన మీరే చదువుకోండి.

కోత గురించి. దగ్గర్లో గురువు ఉంటే ఆయన దగ్గర నేర్చుకోండి, లేకపోతే పదును పెట్టని కత్తితో ఆగండి. జింక్-అల్యూమినియం మిశ్రమంతో చేసే 'ఇయైతో' అనే పదును లేని కత్తి సాధనకు మంచిది, దాంతో దేన్నీ కొట్టకూడదు. కోతకు చుట్టి నానబెట్టిన తాటామి (జపాన్ గడ్డి చాప) వాడతారు, మొదట్లో నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసా చాలు. ఎండిన వెదురు, కర్ర, ఇంకో కత్తి అంచు, ఇవి ఏ కత్తికీ లక్ష్యాలు కావు. ప్రతిసారీ మొదలుపెట్టేముందు మేకు చూడండి: పగులు కనిపించినా, వేలితో నొక్కితే జరిగినా ఆరోజుకు కోత లేదు. కత్తి వెళ్లే దారిలోనూ, అది చేజారితే వెళ్లగల దారిలోనూ మనిషి ఉండకూడదు. ఒరలోంచి తీసేటప్పుడు ఒర అతుకు మీద వేళ్లు పెట్టకండి. అలుగు అతుకును చీల్చుకుని అరచెయ్యి తెగిన గాయాలు నేను చూశాను. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసిన పెట్టె తప్పనిసరి.

సంరక్షణ పెద్ద పనేం కాదు. కర్బనం ఉక్కు మీద వేలిముద్ర కూడా తుప్పవుతుంది. ముట్టుకున్నాక తుడిచి, పాత నూనె మెత్తటి కాగితంతో తీసేసి, మినరల్ ఆయిల్ పల్చగా రాయండి. కారేంత రాస్తే ఒరలోకి దిగి దుమ్మును పట్టుకుంటుంది. కటానాను అంచు పైకి ఉండేలా అడ్డంగా పెట్టాలి. తోలు ఒరలో ఎక్కువ కాలం ఉంచొద్దు, తోలు తేమ పీలుస్తుంది. చెక్క ఒర వాతావరణాన్ని బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది; హబాకి వదులై కత్తి జారుతుంటే ఒర మూతి లోపల సన్నటి చెక్క పొర అంటిస్తే సరిపోతుంది.

చివరిగా, అమ్మేవాళ్లను ఇవి అడగండి: పిడి తీసిన టాంగ్ ఫొటో, ఒర లేకుండా బరువు, బరువు బిందువు ఎక్కడుంది, అలుగు మందం మొదట్లో, మధ్యలో, మొనకు కొంచెం ముందు. అలుగు పొడవు, ఉక్కు పేరు తప్ప ఇంకేం చెప్పలేనివాళ్ల దగ్గర కొనొద్దు. ఏటా మూడు చవక కత్తులకు అయ్యే డబ్బు కూడబెట్టి ఒకటి మంచిది తీసుకోండి. కటానా, తర్వాత కొలతలు తీసి చేసిన జియనో దావో, తర్వాత ఒక దాబ్, తల్వార్‌కు మాత్రం సరైన పిడి దొరికేదాకా ఆగండి. వచ్చిన జవాబులు ఇక్కడే పెట్టండి, ముఖ్యంగా ఆ మూడు మందాలు. వాటిని బట్టి ఆ కత్తి తీసుకోవచ్చో లేదో చెప్తాను.